మూడో బటన్

తోమాసు చెయ్యి తాడు వదిలిన రోజే ఆ చర్చి తన గంటను పోగొట్టుకుంది. గంట గోపురంలోనే ఉంది. తాడు వేలాడుతూనే ఉంది. కానీ తోమాసు లాగినట్టు లాగేవాళ్లు లేరు. ఆదివారం ఆరాధనకు ఒక తీరు, పెళ్లికి ఒక తీరు, చావుకు ఒక తీరు. సారపాక దాటి అడవి అంచున ఉన్న ఆ ఊళ్లో, పొలాల్లోని మనుషులు గంట విని తలగుడ్డ తీయాలో, మంచి బట్టలు కట్టుకోవాలో తెలుసుకునేవారు.

తర్వాత తాడు సంఘపెద్ద జయరాజ్ చేతికి వచ్చింది. చనిపోయిన తోమాసు కోసమే చావుగంట కొట్టబోయి కంగారులో పెళ్లిగంట కొట్టాడు. జామాయిల్ తోటలో పనిచేస్తున్నవాళ్లు ఎవరి పెళ్లని నవ్వుకుంటూ వచ్చి, చర్చి గుమ్మంలో నిలబడిపోయారు. ఆ తర్వాత జయరాజ్ తాడు ముట్టలేదు.

తోమాసు కూతురు స్తుతి పాలిటెక్నిక్ చివరి ఏడాదిలో ఉంది. తోటివాళ్లు ప్రాజెక్టుకు ట్రాఫిక్ లైట్లు, నీళ్ల ట్యాంకు అలారాలు తీసుకుంటే, ఆమె గంట తీసుకుంది. తోడుకు మేనమామ ఎబినేజర్‌ను పిలిచింది. ఆయన బడిలో సైన్సు మాస్టారు. మాటలు తక్కువ.

"మోటారు కొట్టాలె మామా. అచ్చం నాన్న కొట్టినట్టే కొట్టాలె."

"ఎందుకే అంత పంతం?"

"నాన్న వినాలె."

మర్నాడు ఎబినేజర్ భద్రాచలం పోయి, మెకానిక్ షెడ్డులో పాత లారీ వైపర్ మోటారు ఒకటి పట్టుకొచ్చాడు.

మోటారు ఒకవైపు తిరిగితే గంట నాలుక ఎడమ అంచుకు తగలాలి. వెనక్కి తిరిగితే కుడి అంచుకు. ఎటు తిరగాలో, ఎంత వేగంగా తిరగాలో చిన్న మైక్రోకంట్రోలర్ చిప్పు చెబుతుంది. కరెంటును కంటికి తెలియనంత జల్దీగా ఇస్తూ ఆపుతూ ఉంటే, ఇచ్చే భాగం తగ్గేకొద్దీ మోటారు నెమ్మదిస్తుంది. కాగితం మీద అంతా బాగానే ఉంది. మొదటిసారి బ్యాటరీ తగిలించినప్పుడు మాత్రం, తిరుగుతున్న మోటారు వెనక్కి మళ్లేలోపే ట్రాన్సిస్టర్లు పొగ కక్కాయి.

ఇద్దరూ కలిసి ఇల్లు తగలబెడతారా అని వంటింట్లోంచి స్తుతి తల్లి ఇన్నమ్మ కేకేసింది. ఉరికేదాన్ని ఉన్నపాటున వెనక్కి గుంజితే ఊరుకోదని, ముందు ఆపి అప్పుడు తిప్పాలని ఎబినేజర్ మేనకోడలికి చెబుతుంటే, ఇన్నమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మీ నాన్న గూడ గంతే గదా బిడ్డా. తాడు పైకి పోయినంక ఒక్క ఊపిరి ఆగేటోడు. ఏందంటే, గంట గూడ ఊపిరి తీసుకోవాలె అనేటోడు."

స్తుతి ఆ ఊపిరిని ప్రోగ్రాంలో రాసింది. మళ్లీ ఏదీ కాలలేదు.

ఆదివారం గంట, పెళ్లిగంట త్వరగానే కుదిరాయి. చావుగంటే మొరాయించింది. వేగం బాగా తగ్గిస్తే మోటారు గుర్రుమంటుందే తప్ప కదలదు. మొదట పూర్తి బలంతో ఒక్క తోపు తోసి, కదిలాక నెమ్మదిగా వదలాలని స్తుతికే తట్టింది. ఎబినేజర్‌కు తట్టలేదు. అందుకు ఆయన ఆ రోజంతా సంతోషంగా ఉన్నాడు. ఇత్తడి బిందె మీద దాన్ని కొట్టించి చూస్తే, ఇన్నమ్మ పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, "అవ్, అచ్చం ఆయనే" అంది.

గోపురంలో మోటారు బిగించిన రోజు కాలేజీ సార్లు కూడా వచ్చారు. స్తుతి ఆదివారం గంట మోగించే మొదటి బటన్ నొక్కింది. అలవాటుగా నలుగురు బైబిళ్లు తెచ్చుకున్నారు. రెండోది నొక్కితే పిల్లలు ఎగిరారు. మోటారు తనకంటే నయమని, చెప్పినట్టు వింటుందని జయరాజే అన్నాడు. దానికి కంగారు లేదులే అని వెనక నుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు, జయరాజ్‌తో సహా. తోమాసు కూతురని పాస్టరుగారు పేరు పెట్టి చెబితే చప్పట్లు ఆగలేదు. మాటలు తక్కువైన ఎబినేజర్, తెలియని లెక్చరర్ దగ్గరికి వెళ్లి మరీ, "మా అక్క బిడ్డ" అని చెప్పాడు.

పాస్టరుగారి చూపు మూడో బటన్ మీద పడింది.

"అది గూడ తయారైందా తల్లీ?"

"అయింది అయ్యగారూ."

"మరి కొట్టు."

ఎవరూ చెప్పకుండానే మగవాళ్లు తలగుడ్డలు తీశారు. స్తుతి బటన్ మీద వేలు పెట్టింది. కాసేపు అలాగే ఉంచి, తీసేసి తల్లి వైపు తిరిగింది.

"రేపు కొడత అమ్మా."

"నీ ఇష్టం బిడ్డా," అంది ఇన్నమ్మ. "మీ నాన్న ఏడికి పోతడు."

తోమాసు చావుగంట ఇంకా మోగలేదు.