కోళ్ల మూకుడు

“ఏం మే, ఇది కుండా, వానకు తడిసిన టోపీనా?” అన్నాడు తాత.

తిరిగే సారె మీద నా కుండ మళ్లీ కుప్పకూలింది. తాత దాన్ని పీకి మట్టికుప్పలోకి విసిరాడు. ఇన్నాళ్లూ నేను చేసినవన్నీ అక్కడికే పోయాయి.

“దానికి రాదులే,” అంది అవ్వ.

“ఇంకొక్కటి సెయ్ మే. ఇదీ పడిందా, మళ్లా సారె ముట్టబాక,” అన్నాడు తాత.

మళ్లీ మట్టి తీసి సారె మీద పెట్టాను. ఈసారి చిన్న మూకుడు నిలబడింది, ఒక పక్క వంకరగా.

తాత దాన్ని దారంతో కోసి తీశాడు. “థూ! కోళ్లకు నీళ్లు పెట్టేదానికి పనికొస్తాది, అంతే.”

మట్టికుప్ప దాటి వెళ్లి, కాల్చాల్సిన తన కుండల పక్కన పెట్టి, వంకర వైపును గోడకు తిప్పాడు.

“మనకు కోళ్లు యాడుండాయి?” అంది అవ్వ.

“కొందాంలే. నువ్వు నగబాక మే, ఇంకో ముద్ద తీసుకో.”