జిప్పు సంచి పందెం

"మళ్ళీ ఊడిందా?"

అత్తగారి గొంతు విని కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. భుజాన ఉండాల్సిన ప్రయాణం సంచిని చంటిపిల్లలా రెండు చేతులా ఎత్తుకొచ్చింది. ఒక పక్క పిడి ఊడి వేలాడుతోంది.

"కిందటి నెల జిప్పు పక్కన. ఇవాళ పిడి. నలభై ఏళ్ళుగా కుడుతున్నాను, నా కుట్టు ఊడిందని ఒక్కళ్ళన్నారా?"

"రైల్లో ఎవరో లాగారత్తయ్యా. బరువు కూడా ఎక్కువే పెట్టాను," అంది కోడలు చెప్పులు విడుస్తూ.

కోడలంటే ఇప్పుడు కోడలు కాదు. బట్టలు కుట్టే ఆ అత్తగారిని వీధంతా మిషనమ్మ అంటుంది. ఆవిడ కొడుకూ ఆ పిల్లా విడిపోయి ఏడాది దాటింది. కొడుకు వేరే ఊళ్ళో ఉన్నాడు. ఆ పిల్లది ఆసుపత్రులకి పరికరాలు అమ్మే ఉద్యోగం, నెలలో సగం రోజులు రైళ్ళలోనే. ఇల్లు వదిలి వెళ్ళిన రోజున ఏం మాట్లాడాలో తెలియక మిషనమ్మ మందపాటి నీలం గుడ్డకి లోపల లైనింగు వేసి, పైన జిప్పు పెట్టి ఆ సంచి కుట్టిచ్చింది. "ఊడదు. ఊడితే పట్రా," అని మాత్రం అనగలిగింది. వీధి దాకా సాగనంపలేదు. వెళ్ళేవాళ్ళ వీపు చూడటం ఆవిడ వల్ల కాదు. చూసిన వీపులు చాలు.

వీధికి అవతల కొట్లోంచి ప్యాంట్ల మాస్టారు మెడ సాచాడు. "ఏంటి మిషనమ్మగారూ, సంచి మళ్ళీ పుట్టింటికొచ్చిందా?"

"మీ కత్తెర సంగతి మీరు చూసుకోండి మాస్టారూ."

"వయసు మీదపడితే మిషన్ పాదం కింద గుడ్డ జారుతుందండీ, తప్పేముంది! ఇలా పంపండి, రెండు నిమిషాల్లో బిగించి పడేస్తాను."

ఆయన కొట్టు ముందు నిలబడ్డవాళ్ళు కిసుక్కున నవ్వారు. మిషనమ్మ కొంగు దోపుకుని గుమ్మంలోకొచ్చింది.

"వినండి మాస్టారూ. కొత్త సంచి కుడతాను. నెల తిరిగేలోపు అది ఊడితే, ఇదే గుమ్మంలో నిలబడి అందరూ వినేలా 'మీ కుట్టే గట్టిది' అంటాను. ఊడకపోతే మీరనాలి."

"ఓ, దానికేం!"

"అత్తయ్యా, మనకీ పందాలెందుకు?" అంది కోడలు కంగారుగా.

"నువ్వూరుకో. ఇది నా చేతుల సంగతి."

గుడ్డ కత్తిరిస్తున్నంతసేపూ ఆ చేతుల గురించే ఆవిడకి దిగులు. గుడ్డా లైనింగూ జిప్పూ ఒకదాని మీద ఒకటి పేర్చి, పిన్నులు గుచ్చి, చుట్టూ కుట్టు లాగింది. తిరగేయబోతే వేలు కూడా దూరలేదు. జిప్పు మూసేసి కుట్టేసింది! సంచి లోపలివైపు బయటపెట్టుకుని మూతి బిగించుకు కూర్చుంది. చుట్టూ కుట్టేముందు జిప్పు సగం తీసి ఉంచాలని, నేర్చుకునే పిల్లలకి ఆవిడ మొదటిరోజే చెబుతుంది.

"ఇదే నేను చేస్తే నెత్తిన మొట్టేవారు," అని కోడలు నవ్వింది.

మిషనమ్మ నవ్వలేదు. మాస్టారన్నది నిజమేనేమో. కళ్ళు పోతున్నాయేమో. కుట్టంతా విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి నైలాను దారం. ప్రతి కుట్టూ రెండుసార్లు. పిడి చివర్ల నాలుగుపలకల కుట్టేసి, మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తులా లాగింది. అయ్యాక అందులో పాత ఇనప ఇస్త్రీపెట్టె, రెండు ఇటుకలు పెట్టి కిటికీ ఊచకి గంటసేపు వేలాడదీసింది. ఒక్క దారం కదల్లేదు. మాస్టారు స్వయంగా వచ్చి లాగిచూసి, తన కొట్లోకి వెళ్ళిపోయాడు.

మిషనమ్మ ఛాతీ జానెడు పొంగింది. "ఎలా ఉందే?"

"చాలా గట్టిగా ఉందత్తయ్యా," అంది కోడలు. ఆ గొంతులో సంతోషం లేదు. నా పనితనం మీద దీనికి నమ్మకం పోయిందన్నమాట, అనుకుని మిషనమ్మ చిన్నబుచ్చుకుంది.

సాయంత్రం బండికి ఆ పిల్ల వెళ్ళిపోయింది. వారం గడిచింది, రెండు గడిచాయి. పిల్ల రాకపోతే పందెం గెలిచినట్టే. అయినా గేటు చప్పుడైతే చాలు, మిషన్ తొక్కే కాలు ఆగిపోయేది. ఇంకో నాలుగు రోజులైతే నెల.

ఇరవై ఏడో రోజు కోడలొచ్చింది. సంచి చేతుల్లో ఉంది. అడుగున జానెడు మేర నోరు తెరుచుకుంది.

"ఏమైందో తెలీదత్తయ్యా... దానంతటదే..."

"వచ్చిందండోయ్!" అని మాస్టారు కేకేశాడు. నలుగురూ పోగయ్యారు.

మిషనమ్మ సంచిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కోడలి వైపు చూసింది. ఆ పిల్ల తన కాలివేళ్ళు లెక్కపెట్టుకుంటోంది.

"పోనీ బరువెక్కువైందంటారా?" అని మాస్టారే దారి చూపించాడు.

"లేదు." ఆవిడ గుమ్మంలోకొచ్చి, తలెత్తి, వీధి చివరికి వినబడేలా అంది. "మాస్టారూ, మీ కుట్టే గట్టిది!"

పందెం గెలిచినవాళ్ళు కూడా అంత దర్జాగా నిలబడరు. మాస్టారే తడబడ్డాడు. "ఏదో సరదాకన్నానండీ..."

"నువ్వు లోపలికి రావే," అంది మిషనమ్మ కోడలితో. "ఇది ఒక్క పూటతో అయ్యే పని కాదు. రెండు రోజులుండాలి."

"ఉంటానత్తయ్యా."

మిషనమ్మ మిషన్ ముందు కూర్చుని సంచిని ఒళ్ళోకి తీసుకుంది.

ఊడిందన్న చోట ప్రతి దారమూ బ్లేడుతో కోసి ఉంది.