తొమ్మిది వందల మంది జవాబు

"కాస్త మెల్లగా మాట్లాడమ్మా. లోపల ఇప్పుడే కన్నంటుకుంది," అంది పెద్దావిడ, వంటగది తలుపు దగ్గరగా వేస్తూ.

సర్వేకొచ్చిన అమ్మాయి గొంతు తగ్గించింది. ఆరోగ్యం, మందులు, మంచినీళ్లు అన్నీ అయిపోయాయి. మిగిలినవి పెళ్లయిన ప్రతి ఆడదాన్నీ ఒంటరిగా కూర్చోబెట్టి అడగాల్సిన ప్రశ్నలు. చేతిలోని ట్యాబ్‌లో ఉన్నది ఉన్నట్టు చదివింది.

"మీ భర్త ఎప్పుడైనా మీ మీద చెయ్యి చేసుకున్నారా?"

"లేదు."

జవాబు తడుముకోకుండా వచ్చింది. కానీ ఆవిడ పెదవి చివర చిట్లి ఉంది. కుడి మణికట్టు వాచి, నీలంగా కమిలింది.

"ఆ చెయ్యి?"

"బాత్రూమ్‌లో జారాను."

ఈ వీధిలో ఆడవాళ్లందరూ బాత్రూమ్‌లోనే జారతారు కాబోలు అనుకుంది అమ్మాయి. పొద్దుటినుంచీ అదే మాట వింటోంది.

"ఇవన్నీ అడిగితే నీకేమొస్తుంది తల్లీ?"

"ఇలాంటివి అడిగేవాళ్లకి జీతంలో కాస్త వెయిటేజీ కలుపుతారండీ. వినడం కష్టం కదా అని."

పెద్దావిడ నవ్వబోయి, నొప్పికి పెదవి పట్టుకుంది. "మరి చెప్పేవాళ్లకి?"

అమ్మాయి స్టూలు దగ్గరికి జరుపుకుంది. "మీకూ ఉందండీ. మీ వయసువాళ్లు మాకు బాగా తక్కువమంది దొరికారు. అందుకని మీ జవాబుకి వెయిటేజీ ఎక్కువ. మీరొక్కరు చెబితే తొమ్మిది వందల మంది చెప్పినట్టు లెక్క. మీరు లేదంటే వాళ్లందరూ చల్లగా ఉన్నట్టే. ఇక వాళ్లని పట్టించుకునే నాథుడుండడు."

పెద్దావిడ ముఖం పాలిపోయింది. "అంతమందా!"

పొయ్యి మంట తగ్గించింది. "వాళ్లలో నాలాంటివాళ్లు ఎందరున్నారో పాపం... ఆ ప్రశ్న ఇంకోలా అడగకూడదూ?"

"కుదరదండీ. ఒక్క మాట కూడా మార్చకూడదు."

"అయితే లేదనే రాసుకో."

అమ్మాయికి ఒళ్లు మండింది. "ఇంకా ఆయన్నే వెనకేసుకొస్తున్నారా?"

"ఆయన్నేమీ అనకు. బంగారం లాంటి మనిషి."

అంతలో లోపల మంచం కిర్రుమంది. "ఎవరితో ఆ గుసగుసలు? చచ్చావా ఏంటి, పలకవూ!" మగగొంతు ఖంగుమంది.

పెద్దావిడ ఉలిక్కిపడి లేచింది. అమ్మాయి చేసేదిలేక 'లేదు' అన్నచోట నొక్కింది. తొమ్మిది వందల నోళ్లు ఒక్క వేలికింద మూసుకుపోయాయి.

పెద్దావిడ ఆమెను పెరటి గుమ్మం దాకా దాదాపు నెట్టుకుంటూ వచ్చింది.

"నామీద కోపం పెట్టుకోకమ్మా. నేను అబద్ధమాడలేదు. నువ్వడిగిన మనిషి పోయి చాలా ఏళ్లయింది."

అమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయింది. "మరి లోపల?"

"నా కొడుకు."