గేలానికి కట్టిన మువ్వ

కిరాణా కొట్టు కట్టేశాక ఉపేంద్ర రిజర్వాయరు గట్టున గేలం వేసుకుని కూర్చుంటాడు. చేప పడితే తెలియడానికి గేలం కర్రకు మువ్వ కట్టుకుంటాడు.

ఆ రాత్రి నీళ్ల నడుమ తెప్ప మీద ఎవడో కరెంటు తీగ ముంచి చేపల్ని చంపుతున్నాడు. ఉపేంద్ర గేలం నీళ్లలోంచి తీసేసి, కర్రను గట్టున గుచ్చి, చప్పుడు చేయకుండా దూరంగా తుప్పల చాటుకు వెళ్లాడు. చేపల దొంగలు కనబడితే చెప్పమని గట్టు మీది బోర్డులో ఒక నంబరుంది. ఈమధ్యే ఎవరో దాన్ని కొత్త రంగుతో దిద్దారు. ఆ నంబరుకే ఫోన్ చేశాడు.

"మంచి పని సేసినావు బావూ," అంది అవతలి గొంతు నెమ్మదిగా. "ఎంతమందున్నారేటి?"

"తెప్ప మీద ఒకడే కనిపిస్తన్నాడు. ఒడ్డున ఎవులున్నారో తెలీదు."

అంతలో మువ్వ మోగింది.

నీళ్లలో లేని గేలానికి చేప ఎలా పడుతుంది? గట్టువైపు నుంచి ఆ చప్పుడు సన్నగా వచ్చింది. ఫోన్‌లో మాత్రం చెవి పక్కనే మోగినట్టు వినిపించింది.

"గేలం ఇక్కడే ఒగ్గీసినావు," అంది గొంతు. "నువ్వు ఏ పక్కనున్నావు బావూ?"

కట్ చేద్దామని ఉపేంద్ర ఫోన్‌ను చెవి నుంచి తీశాడు. తెర వెలిగింది. ఆ వెలుగు అతని మొహమంతా పడింది.

గట్టు మీద మువ్వ ఆగిపోయింది.