రెండో బంతి

స్లాబు పోసే రోజు పొద్దున్నే ఒక మనిషి తక్కువ పడ్డాడు.

హనుమకొండ బజారులో సారంగపాణి సేటు కట్టిస్తున్న కొత్త దుకాణం అది. పైన రేకులు వద్దు, సిమెంటు స్లాబే కావాలని ఆయన పట్టు. ఆ రోజుల్లో మాల్ కలిపే మిషన్లెక్కడివి? కంకర, ఇసుక, సిమెంటు నేలమీద పారలతో కలపాలి. తట్టలకెత్తి చేతులు మార్చుకుంటూ పైకి పంపాలి. అందులో ఒక్క చెయ్యి తగ్గినా వరస తెగుతుంది.

మేస్త్రి ఎల్లస్వామికి సొంతంగా అదే మొదటి స్లాబు. నిజానికి సేటు ఈ పని ముందు మరిపెడ మేస్త్రికి ఇస్తానన్నాడు. ఎల్లస్వామి ఆ మేస్త్రి మొహం కూడా ఎరగడు. అయినా, "ఆయన ముసలోడు సేటూ, నిదానం. వానలకు ముందే నేను దుకాణం తెరిపిస్త" అని మధ్యలో దూరి పని పట్టుకున్నాడు.

ఇప్పుడీ స్లాబు వానకు కారిందా, బజారులో అతన్ని మేస్త్రీ అని పిలిచేవాడుండడు. మళ్లీ ఇంకొకరి కింద తట్ట మోయాల్సిందే.

"మనిషి కావాల్నా బిడ్డా?"

తలెత్తి చూస్తే ఎవరో ముసలాయన. తలకు తువ్వాల. ఎడమచేతికి బొటనవేలు లేదు.

"నువ్వా తాతా? తట్టను నువ్వు మోస్తవా, తట్ట నిన్ను మోస్తదా?"

వరసలో ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. ముసలాయనా నవ్వాడు.

"నిలవెట్టి సూడు."

నిచ్చెన మొదట్లో నిలబెట్టాడు. తట్టలు కదిలాయి. పని ఊపందుకున్నాక ఎల్లస్వామి నోరు ఊరుకోలేదు.

"మరిపెడ మేస్త్రి అయితే ఈ పాటికింకా కంకర కడుగుతాండు," అన్నాడు పైనుంచి.

"అవు బిడ్డా, ఆయన జర నిదానమే," అన్నాడు ముసలాయన తట్ట అందిస్తూ. "ఆయన ఇంటిది గూడ గదే అంటది."

మధ్యాహ్నానికి స్లాబు సగానికి వచ్చింది. ఎండ నెత్తిన నిలబడింది.

స్లాబు రోజున పనివాళ్లందరికీ కట్టించేవాళ్లే అన్నం పెట్టాలి. సేటు పాత దుకాణం వదిలి రాలేకపోయాడు. ఆయన భార్య వరలక్ష్మి పక్కవాకిట్లో విస్తళ్లు వేయించి పులిహోర, పప్పు, బచ్చాలు సిద్ధం చేసింది.

ముసలాయన ఎల్లస్వామి పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు.

"సగం మంది తింటాంటే సగం మందిని పొయ్యమను బిడ్డా. పని ఆగితే అంచు ఎండుతది. తర్వాత పోసింది దాన్ని పట్టుకోదు. ఆ సందుల నుంచే నీళ్లు దిగుతయి."

ఆ సంగతి ఎల్లస్వామికీ తెలుసు. అదే మాట పనివాళ్లకు చెప్పాడు.

ఆడవాళ్ల వరసలోని సమ్మమ్మ తట్ట కింద పెట్టేసింది.

"రెండో బంతిల ఎవలు కూసుంటరు? వాళ్లు తిని లేచినంక మిగిలింది మేం తినాల్నా? మేమేం తక్కువోళ్లమా?"

"మరి మేం తక్కువోళ్లమా?" అన్నారు పార పట్టిన మగవాళ్లు.

"తింటే అందరం ఒక్క బంతిల తింటం. లేకుంటే మా తొవ్వ మేం పోతం," అంది సమ్మమ్మ.

వీళ్లు అలిగి వెళ్తే మిగతా సగం ఎవరు పోస్తారు? ఎల్లస్వామి తగ్గాడు.

"సరే, అందరు కూసోండ్రి. జల్ది లేవాలె."

"నేను రెండో బంతిల కూసుంట," అన్నాడు ముసలాయన.

"కూసో. నువ్వొక్కనివే బంతి."

అందరూ మళ్లీ నవ్వారు.

జల్దీ అన్నది మాటవరసకే. బచ్చాల మీద నెయ్యి వచ్చింది. మారు వడ్డన వచ్చింది. ఆకు, వక్క వచ్చాయి.

తిని వచ్చి చూస్తే ముసలాయన తన చోటులో లేడు. పైన అంచు దగ్గర కూర్చుని, తట్టలోని మాల్ వేసి చేత్తో అదుముతున్నాడు.

అంతమంది ముందు ఎల్లస్వామికి తల కొట్టేసినట్టయింది.

"నిన్ను పైకెవలు ఎక్కమన్నరు? మేస్త్రివి నువ్వా, నేనా?"

"నువ్వే బిడ్డా."

ముసలాయన దిగాడు. డ్రమ్ము దగ్గర చేతులు కడుక్కున్నాడు. తువ్వాల దులిపి భుజాన వేసుకుని బజారులోకి నడిచాడు.

తిన్నావా అని ఒక్కరూ అడగలేదు.

మిరుగు కార్తె వానలు దిగాయి. రాత్రంతా కురిసి తెల్లారితే, ఎల్లస్వామి తడుచుకుంటూ దుకాణానికి ఉరికాడు. పని ఆగిన చోటు అన్నాళ్లూ అతని గుండెలో ముల్లులా ఉంది.

కింద నిలబడి పైకి చూశాడు. ఒక్క చుక్క లేదు.

మీదికెక్కి అతుకు కోసం వెతికాడు. అతుకే లేదు. అది ఉండాల్సిన చోట, తాపీ అందని మూలన, ఒక చేతి ముద్ర మాత్రం ఉంది. అందులో నాలుగు వేళ్లే ఉన్నాయి.

అందరూ తింటుంటే ఆ ముసలాయన ఒక్కడే నిచ్చెనెక్కి దిగుతూ, ఆ ఎండలో అంచు ఎండకుండా కాపాడాడన్నమాట.

దిగి వచ్చేసరికి సేటు షట్టరు తీస్తున్నాడు.

"సేటూ, స్లాబు నాడు ఒక తాత పనికొచ్చిండు. ఏ ఊరోడో ఎరికేనా?"

"నేను ఆడ లేకపోతి గద. అది పోనీ, మరిపెడ రాయమల్లు మేస్త్రి నిన్న మబ్బు పట్టంగనే బస్సెక్కి వచ్చిండు. పని నీకిచ్చినందుకు కొట్లాడ్తడనుకున్న."

ఎల్లస్వామి మొహం ముడుచుకుంది.

"ఏం వంకలు వెట్టిండు?"

"వంకలేం లేవు. మొదటి వాన పడేదాక ఈడనే కూసున్నడు. పైకి జూసి, 'పిల్లగాడు గెలిచిండు' అన్నడు. అన్నం తినుమంటే తినలేదు, చాయ్ తాగిండు. పాపం, ఎడమచేతికి బొటనవేలు లేదు గద, సాసరు నాలుగు వేళ్ల మీదనే నిలవెట్టుకున్నడు."