ఆరు గొట్టాల ఊపిరి

చిల్లు పడింది.

పులెంగ్ గ్రైండర్ ఆపి గొట్టంలోకి తొంగి చూసింది. అటు పక్కనుంచి వెలుతురు కనపడుతోంది. లోపలి గోడ ఇంకాస్త అరగదీద్దామని ఆశపడింది. అత్యాశే అయింది.

"ఓసి నీ దుంపతెగ! ఇదీ పోయిందా?" అన్నాడు మేనమామ ఫకీసో.

"ఏం చెయ్యను మామా? దారి వెడల్పు చెయ్యకపోతే ఇంజినుకి గాలి చాలదు. గాలి చాలకపోతే బండి మూలుగుతుంది. అన్నకి ఆ మూలుగు వినిపించి పంపమంటావా?"



సాయంత్రానికి అన్న మోజలేఫా శవపేటిక ఇంటికి వస్తుంది. తెల్లారితే ఖననం. దక్షిణాఫ్రికా సొవెటోలో కారు తిప్పే మొనగాడు పోతే, అతని కారునే సమాధి దగ్గర పొగలు కక్కేలా గిరగిరా తిప్పి సాగనంపాలి. పెట్టెలాంటి ఆ రకం పాతకాలపు కార్లని అక్కడ అందరూ గుషేషే అంటారు; అతనిది ఎర్రది. మోజలేఫా గుషేషే కూత పెడితే వీధి చివరి ముసలమ్మలు కూడా గేటు దాకా వచ్చేవారు.

"నా బండి గొంతు వినపడకుండా నామీద మట్టి పోశారో, లేచొచ్చి తంతా" అనేవాడు నవ్వుతూ. "దీనికో కవల ఉందే పులెంగ్. రెండూ ఒక్కడి చేతిలోనే పుట్టాయి."

అన్నకి కోతలు కొయ్యడం అలవాటే. ఆమె నవ్వి ఊరుకునేది.

ఆ గొంతంతా ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఉండేది. ఇంజిన్ ఊపిరి పీల్చుకునే ఆరు గొట్టాలవి. వాటి లోపలంతా ఎవరో ఓపిగ్గా అరగదీసి నున్నగా చేశారు. పైన గుర్తుగా ఆకురాయితో మూడు గీట్లు పెట్టారు. అన్న ఆసుపత్రిలో ఉండగా ఏ దొంగ వెధవో దాన్ని కారులోంచి ఊడదీసుకుపోయాడు. పాత సామాన్లలో ఏరి తెచ్చినవాటిని పులెంగ్ అలా చేద్దామని చూస్తోంది. ఒక్కటీ కుదరడం లేదు.

"మోజలేఫా ఇల్లు ఇదేనా చెల్లెమ్మా?"

గేటు దగ్గర ఎవరో బక్కపలచని మనిషి. చేతులనిండా పచ్చి గ్రీజు. చంకలో, ఓ పక్క చిరిగిన ఆకుపచ్చ గళ్ళ గుడ్డలో చుట్టిన మూట.

"ఇది బిగించండి" అంటూ మూట విప్పాడు.

ఆరు గొట్టాలు. పైన మూడు గీట్లు.

పులెంగ్ ఒళ్ళు భగ్గుమంది.

"మామా! దొంగ దొరికాడు!"

"అయ్యో కాదమ్మా, ఇది..."

"నోర్ముయ్! మా అన్న చావుబతుకుల్లో ఉంటే ఊడదీసుకుపోయావు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వచ్చావురా?"

రేపటి భోజనాలకి మాంసం కోస్తున్న మగవాళ్ళంతా లేచి వచ్చారు. మొదటి దెబ్బ మామది. తర్వాతివి ఎవరివో ఎవరికీ తెలీదు. పులెంగ్ కూడా చెంప పగలగొట్టింది.

అతను చెయ్యి అడ్డం పెట్టలేదు. పరుగెత్తనూ లేదు. కనుబొమ్మ చిట్లి రక్తం కారుతుంటే తుడుచుకున్నాడు.

"బోల్టులు మధ్యలోంచి మొదలుపెట్టి అంచులకి బిగించుకుంటూ వెళ్ళమ్మా. లేకపోతే సందుల్లోంచి గాలి లాగేస్తుంది."

"దొంగకి సలహాలు కూడానా!" అన్నాడు మామ. అందరూ నవ్వారు.

అతను కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

పులెంగ్ బోల్టులు మధ్యలోంచే బిగించింది. తాళం తిప్పగానే గుషేషే గొంతెత్తింది. లోపల అమ్మ గొల్లుమంది.

"నా కొడుకే! నా కొడుకు వచ్చాడే!"

మర్నాడు సమాధి చుట్టూ కారు తిప్పింది పులెంగే. టైర్ల పొగ, ఈలలు, ఏడుపులు. కంచె అవతల, వాచిన కంటితో, అతను నిలబడి ఉన్నాడు. కళ్ళు మూసుకుని వింటున్నాడు.

'సిగ్గులేని జన్మ' అనుకుని అతనివైపు దుమ్ము లేచేలా స్టీరింగు తిప్పింది.

ఇంటికొచ్చి అందరూ గేటు దగ్గర తొట్టిలో చేతులు కడుక్కుని భోజనాలకి కూచున్నారు. అతను రాలేదు.

"ఏమే పులెంగ్, మూలనున్న కొట్టు వెనకాల ఆ బండి ఎవరిదే?" అంది పొరుగింటి మాపూలే. "నిన్న మధ్యాహ్నం ఎవరో నడుపుకుంటూ వచ్చి, బానెట్ తెరిచి వదిలేసి పోయారు. రాత్రికి రాత్రే ఒలిచేశారు పాపం. అదీ ఎర్ర గుషేషేనే. మీ వాడిదేమోనని నా గుండె గుభేలుమంది."

పులెంగ్ ముద్ద వదిలేసి పరుగెత్తింది.

చక్రాలు లేవు. తలుపులు లేవు. సీట్లు లేవు. ఇటుకల మీద డొల్ల మిగిలింది. కదలని బండిని ఈ వీధుల్లో వదిలేస్తే తెల్లారేసరికి ఏమవుతుందో పసిపిల్లలకి కూడా తెలుసు. వదిలినవాడికి తెలియకుండా ఉంటుందా?

"ఎవరిదే ఇది?" వెనకే వచ్చిన మామ ఆయాసపడుతూ అడిగాడు.

 ఏమని చెబుతుంది? పేరైనా అడగలేదు. ఏ ఊరో అడగలేదు. ఇప్పుడు ఎక్కడని వెతుకుతుంది, ఎవరి కాళ్ళు పట్టుకుంటుంది?

అన్న కోతలు కొయ్యలేదు. కవల నిజంగానే ఉంది.

బరువని దొంగలు వదిలేసిన ఇంజిన్‌కి మానిఫోల్డ్ ఉండాల్సిన చోట ఆరు రంధ్రాలున్నాయి; లోపల దుమ్ము పడకుండా వాటిలో ఎవరో శ్రద్ధగా ఆకుపచ్చ గళ్ళ గుడ్డ పీలికలు కుక్కి వెళ్ళారు.