తల ఊపిన సాక్ష్యం

తాళాల మేస్త్రికి దొంగతనం చెయ్యాలన్న ధైర్యం ప్రభుత్వ టీవీ చూస్తుంటే వచ్చింది. నవ్వకండి, నిజమే. ఆ టీవీలో ఆదివారం వచ్చే చర్చ చూస్తే ఎవరికైనా నిద్రొస్తుంది గాని దుర్బుద్ధి పుట్టదు.

జరిగిందేమిటంటే, కిందటి నెల 'మంచినీటి పైపుల భవిష్యత్తు' అనే చర్చకి మేస్త్రి ప్రేక్షకుడిగా వెళ్ళాడు. మొదలైన పది నిమిషాలకే కడుపు తిప్పి బాత్రూముకి పోయి, చర్చ అయ్యేదాకా అక్కడే కూలబడ్డాడు. తీరా ఆదివారం టీవీ పెడితే, ఇంజనీరుగారు ఆఖరి మాటలు చెబుతుండగా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని తెగ తల ఊపేస్తూ తనే కనిపించాడు!

"ఎంత శ్రద్ధగా విన్నారండీ!" అని భార్య మురిసిపోయింది.

మేస్త్రికి కిటుకు అర్థమైపోయింది. చర్చకి ముందే ఒక అమ్మాయి వచ్చి, "చప్పట్లు కొట్టండి... ఇప్పుడు నవ్వండి... ఇప్పుడు ఆలోచిస్తున్నట్టు తల ఊపండి" అంటూ అందరి ముఖాలూ కెమెరాతో పట్టించేస్తుంది. తర్వాత ఆ ముక్కల్ని చర్చలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ అతికిస్తారు. అంటే మనిషి లేకపోయినా తల ఊగుతూనే ఉంటుందన్నమాట!

ఈ నెల చర్చ 'మన ఇళ్ళు ఎంత భద్రం?' మాట్లాడేది రిటైరైన జడ్జిగారు. ఒంటరి మనిషి. ఆయన బీరువాలో తాతల నాటి జేబు గడియారాలు ఇరవై దాకా ఉన్నాయి. ఆ బీరువాకి తాళం బిగించింది మేస్త్రే. ఆ రోజు నుంచీ గడియారాల మీద మనసు పడి చచ్చిపోతున్నాడు. కానీ తాళం పగలకుండా బీరువా తెరుచుకుంటే పోలీసులు ముందు తన గుమ్మమే తొక్కుతారని ఇన్నాళ్ళూ చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. ఇప్పుడా భయం తీరిపోయింది.

బుధవారం నాలుగింటికి వెళ్ళి చివరి వరసలో కూర్చున్నాడు. ఆ అమ్మాయి చెప్పినట్టల్లా చప్పట్లు కొట్టాడు, నవ్వాడు, ఆలోచించాడు. అందరికంటే రెండు ఆలోచనలు ఎక్కువే ఆలోచించాడు. ప్రేక్షకుల మీద దీపాలు తగ్గించగానే వెనక తలుపులోంచి జారుకున్నాడు.

"మంచి తాళం ఉంటే దొంగ దరిదాపులకి కూడా రాడు" అని జడ్జిగారు మైకులో సెలవిస్తున్న సమయానికి దొంగ ఆయన బీరువా ముందే ఉన్నాడు. పని ముగించుకుని, సరుకు తన కొట్లో దాచేసి, చివరి చప్పట్లకి మళ్ళీ తన కుర్చీలో ఉన్నాడు.

మర్నాడే ఇన్‌స్పెక్టర్ కొట్టుకి వచ్చాడు.

"జడ్జిగారి బీరువాకి తాళం బిగించింది నువ్వేనటగా మేస్త్రీ. నిన్న నాలుగు నుంచి ఆరు దాకా ఎక్కడున్నావ్?"

"సాక్షాత్తూ జడ్జిగారి ఎదురుగానే ఉన్నాను సార్! ఆదివారం మా ఇంటికి రండి. టీ తాగుతూ మీరే టీవీలో చూద్దురుగాని."

ఇన్‌స్పెక్టర్ నిజంగానే వచ్చాడు. "కూర్చోండన్నయ్యగారూ" అంటూ మేస్త్రి భార్య ఉన్న ఒక్క మంచి కుర్చీ వేసింది. పక్కింటివాళ్ళూ ఎదురింటివాళ్ళూ వచ్చి చేరారు. ఆ కార్యక్రమం పుట్టాక అంతమంది కూడబలుక్కుని చూడటం అదే మొదలు. గంటలో మేస్త్రి ఆరుసార్లు కనిపించాడు. కనిపించిన ప్రతిసారీ భార్య "అదుగో మా ఆయన!" అంది. జడ్జిగారి ముగింపు మాటలకైతే మేస్త్రి తల ఊపిన తీరు చూసి ఎదురింటి పెద్దాయనకి కళ్ళు చెమర్చాయి.

"మొదట్నుంచీ చివరిదాకా కదల్లేదన్నమాట" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మేకు కొట్టినట్టు కూర్చున్నాను సార్!"

"అదే ముక్క రాసి సంతకం పెట్టు."

మేస్త్రి హుషారుగా పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని గట్టిగా నిట్టూర్చాడు.

"గడియారాల సంగతి వదిలెయ్. అది నీ పని కాదని తేలిపోయింది. కానీ ఇంకోటుంది, పేపర్లకి ఎక్కకుండా దాచాం. ఆ చర్చ జరుగుతుండగానే హాలు వెనక గదిలోంచి కెమెరాలు పోయాయి. తాళం పగల్లేదు. అడ్డొచ్చిన వాచ్‌మన్ తల పగిలింది, ఇంతవరకూ స్పృహ రాలేదు. అక్కడున్న నలభై మందిలో తాళాల పని తెలిసినవాడివి నువ్వొక్కడివే. హాలు దాటకుండానే చివరి వరసలోంచి ఆ గదిలోకి పోయి రావడానికి రెండు నిమిషాలు చాలు. అతనికేమన్నా అయిందంటే హత్య కేసు. ఏదీ, చేతులిలా పెట్టు."

బేడీలు చూడగానే మేస్త్రికి పైప్రాణాలు పైనే పోయాయి.

"నేను కాదు సార్! నేనసలక్కడ లేను!"

"లేకపోవడమేంటి? ఇంతమందిమీ చూశాంగా."

"అవునండీ, ఉన్నారుగా!" అంది భార్య బిత్తరపోయి.

"నువ్వు నోర్ముయ్యవే!" అని అరిచి, మేస్త్రి ఇన్‌స్పెక్టర్ చేతులు పట్టుకున్నాడు. "ఆ తల ఊపడాలన్నీ ముందే తీసేస్తారు సార్! దీపాలు తగ్గగానే నేను బయటపడ్డాను. చర్చ జరిగినంతసేపూ జడ్జిగారింట్లో ఉన్నాను, మా అమ్మ మీదొట్టు! గడియారాలు నా కొట్లో పాత తాళాల డబ్బాలో ఉన్నాయి, కావాలంటే ఇప్పుడే పోయి చూసుకోండి!"

ఇన్‌స్పెక్టర్ తీరిగ్గా కూర్చుని, మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు కింద పెట్టి అన్నాడు:

"ఆ హాల్లోంచి చీపురుపుల్ల కూడా పోలేదు, మేస్త్రీ!"